ఇల్లు చూసే పెద్దమనిషి

ఇల్లు కొనేవాడు వేరు, ఇల్లు చూసేవాడు వేరు. రెండో రకం పెద్దమనిషి హైదరాబాద్ తూర్పు దిక్కున, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా, మరీ ముఖ్యంగా సరూర్‌నగర్ కాలనీల్లో విరివిగా తారసపడతాడు. వయసు 45 దాటి ఉంటుంది. సొంతూరు విజయవాడ హైవే వైపో సాగర్ రోడ్డు వైపో ఉంటుంది: సూర్యాపేట, నకిరేకల్, మిర్యాలగూడ. ఊరి బస్సు ఎల్బీనగర్‌లో దింపింది కాబట్టి ఆ చుట్టుపక్కలే అద్దెకు దిగాడు. పిల్లలు డిగ్రీకొచ్చినా అదే పోర్షన్‌లో ఉన్నాడు. కొండాపూర్ వైపు చూడమంటే, ‘అక్కడ మనవాళ్లెవరున్నారు?’ అంటాడు.

అపార్ట్‌మెంట్ అతని లెక్కలో ఇల్లు కాదు. అంత డబ్బు పోసి ఫ్లాట్ కొంటే వాటాకొచ్చే నేల ఓ 40 గజాలు, అదీ ఎక్కడుందో ఎవరూ చూపించలేరన్నది అతని వాదం. అందులో తప్పుపట్టడానికేమీ లేదు. అతనికి కావలసింది 200 గజాలు, తూర్పు ముఖం, ముందు 30 అడుగుల రోడ్డు. కింద తాము, తల్లిదండ్రులకో గది, పైన అద్దెకు రెండు పోర్షన్లు, పెరట్లో కరివేపాకు చెట్టు. అలాంటి ఇల్లు సరూర్‌నగర్‌లో దొరుకుతుంది. దొరకదని అతను కూడా అనడు.

ఆదివారం టిఫినయ్యాక స్కూటర్ మీద భార్యతో బయల్దేరతాడు. బ్రోకర్ చైతన్యపురి మెట్రో స్టేషన్ కింద కాచుకుని ఉంటాడు. ఇల్లు చేరగానే పెద్దమనిషి లోపలికి పోడు. గేటు ముందు నిలబడి ఫోన్‌లో దిక్సూచి తెరుస్తాడు. తూర్పు కాస్త ఆగ్నేయానికి తిరిగిందంటే మొహం మాడుతుంది. సంపు ఈశాన్యంలో, వంటిల్లు ఆగ్నేయంలో, పెద్ద పడకగది నైరుతిలో ఉండాలి. మెట్లు ఈశాన్యంలో కనిపిస్తే ఇక చూడాల్సిందేమీ లేదు. భార్య మాత్రం చూసే వస్తుంది. ఆమె అడిగేవి వేరు: కృష్ణా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయా, అంట్లు తోముకునే చోటు ఎక్కడ. వీటికి ఇంటావిడ దగ్గర ఠక్కున జవాబుంటుంది. మగవాళ్లు దిక్కులు తేల్చుకునేలోపు ఆడవాళ్లిద్దరి మధ్య బేరం సగం కుదిరిపోయి ఉంటుంది.

చెరువు విషయంలో మాత్రం ఇతన్ని చూసి నవ్వడానికి లేదు. సరూర్‌నగర్ చెరువు 1626 నాటిదని చెబుతారు. కాలనీలు వచ్చింది నిన్నగాక మొన్న. ఎవరి జాగాలోకి ఎవరొచ్చారో వానాకాలంలో తేలుతుంది. 2020 అక్టోబరు వానలకు చెరువు దగ్గరి కోదండరామ్‌నగర్ వీధులు మునిగి, ఇళ్లల్లోకి నీళ్లొచ్చాయి. అప్పట్నుంచి అతను ఇంటికన్నా ముందు ప్రహరీ చూస్తాడు. పాత గోడకు నడుమెత్తు వరకే కొత్త రంగు కనిపిస్తే బ్రోకర్‌ను ఏమీ అడగడు. వీధి మలుపులో ఇస్త్రీ బండి దగ్గరికెళ్లి, ‘గట్టి వానొస్తే బండి ఎక్కడ పెడతవు తమ్మీ?’ అంటాడు. ‘పెద్ద రోడ్డు మీదికి తీస్కపోత సార్’ అన్న జవాబు రాగానే స్కూటర్ వెనక్కి తిరుగుతుంది. 30 ఏళ్ల ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) తీయించినా, లింకు డాక్యుమెంట్లన్నీ తిరగేసినా ఈ ముక్క దొరకదు.

అన్నీ కుదిరిన ఇల్లు కూడా అప్పుడప్పుడూ తగులుతుంది. ‘పార్టీతోని సిట్టింగ్ ఏద్దాం సార్, కూసుంటే తగ్గుతరు’ అంటాడు బ్రోకర్. కూర్చుంటారు. చాయ్ వస్తుంది. ‘మీదే ఊరండీ?’ అన్న ప్రశ్న పుడుతుంది. చాయ్ చల్లారేలోపు ఇంటాయన మేనత్తా ఇతని పెద్దమ్మా కోదాడలో ఒకే వీధివాళ్లని తేలుతుంది. బంధుత్వం తేలాక తగ్గించమని గట్టిగా అడగడానికి ఇతనికి మొహమాటం. అడక్కుండా తగ్గించేంత చుట్టరికం వాళ్లకు లేదు. బయానా ఇవ్వాల్సిన ఘడియలో, ‘ఇంట్లో మాట్లాడి చెబుతామండీ’ అని లేస్తాడు. ఇంట్లో మాట్లాడాల్సిన మనిషి పక్కనే కూర్చుని ఉంటుంది.

ఆగడానికి అతని దగ్గర ఎప్పుడూ మంచి కారణమే ఉంది. రాష్ట్రం విడిపోతే రేట్లు పడతాయని 2014 జూన్ దాకా ఆగాడు. మెట్రో పనులతో రోడ్డంతా దుమ్మని, రైలు నడిచాక చూద్దామన్నాడు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు రైలు నడిచింది, ఇంటాయన రేటూ నడిచింది. 2020లో కొన్ని నెలలు రిజిస్ట్రేషన్లే ఆగాయి, పైగా లేఅవుట్ల క్రమబద్ధీకరణ (ఎల్ఆర్ఎస్) గొడవ. 2021 జులైలో రిజిస్ట్రేషన్ ఖర్చు 6 శాతం నుంచి 7.5 శాతానికి పెరిగింది. కోటిన్నర ఇంటికి ఆ ఒకటిన్నర శాతమే రెండుంపావు లక్షలు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చింది. చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు (ఎఫ్‌టీఎల్) ఎంత, దాని బయట బఫర్ 30 మీటర్లు ఎక్కడిదాకా అన్న లెక్క మొదలైంది. ఏ కారణమూ అబద్ధం కాదు. పోయినసారి వదిలేసిన ఇంటి ధరతో ఈసారి చూసిన ఇంటిని బేరమాడటమే చిక్కు.

ఇన్నేళ్లుగా అద్దెకున్న ఇల్లు దక్షిణ ముఖం, మెట్లు ఈశాన్యంలో. ఆ ఇంట్లోనే అతనికి రెండు ప్రమోషన్లు వచ్చాయి, కొడుక్కి ఇంజనీరింగ్ సీటొచ్చింది. ఓనరు అమెరికాలోని పిల్లల దగ్గరికి పోతూ, మీరే తీసుకోండని మొదట ఇతన్నే అడుగుతాడు. దక్షిణం వాకిలి మనకు అచ్చిరాదని ఇతను సెలవిస్తాడు. ఆ మాట దసరా భోజనాల దగ్గర విన్న తోడల్లుడు పదిహేను రోజుల్లో బయానా ఇచ్చి, కార్తీకంలో రిజిస్ట్రేషన్ చేయించుకుంటాడు. డాక్యుమెంట్లు తప్పుల్లేకుండా చూసి పెట్టేది ఇతనే. పోర్షన్ ఖాళీ చేయాల్సిన పని లేదని తోడల్లుడు పెద్దమనసుతో అంటాడు. అద్దె ప్రతినెలా అయిదో తారీఖులోపు, ఫోన్‌పేలో.