తడిమే చేతికి ఏం తెలుసు?

అమెరికాలో స్కైడైవింగ్ నేర్పే మేష్టారిని కదిపితే రెండు విషయాల మీద గంటసేపు మాట్లాడగలడు. ఎయిర్‌పోర్టులో జరిగే సోదా శుద్ధ దండగన్నది మొదటిది. రెండు వందల సార్లు విమానంలోంచి దూకనివాడు వింగ్‌సూట్ జోలికి రాకూడదన్నది రెండోది. మొదటి మాట అనేటప్పుడు ఆయన సర్కారు పెత్తనం గిట్టని స్వేచ్ఛాజీవి. రెండో మాటకొచ్చేసరికి పాతకాలపు తాలూకాఫీసు గుమాస్తా. 199 జంపుల లాగ్‌బుక్కు పట్టుకొస్తే, ఇంకొకటి దూకి రా నాయనా అని తిప్పి పంపేస్తాడు. నోరొకటి, నాలుకలు రెండు అని నవ్వుకోవడానికి ఇది మంచి సరుకే. నవ్వుకోండి. కానీ ఆ రెండు మాటల వెనకా ఉన్న సూత్రం ఒక్కటే, అది సరైనదే: వెతికేవాడికి తానేం వెతుకుతున్నాడో, అది దొరక్కపోతే ఎవరు చస్తారో తెలిసుండాలి.

ముందు మేష్టారి తరఫువాళ్ళ పాపం చెప్పుకోవాలి, ఎయిర్‌పోర్టు సోదాల పుట్టుకలో పారాచూట్ బాపతువాళ్ళ చెయ్యి కొంత ఉంది. 1971 నవంబరు 24న పోర్ట్‌లాండ్ నుంచి సియాటిల్ వెళ్ళే విమానమెక్కి, సోడా కలిపిన బోర్బన్ తెప్పించుకుని, పెట్టెలో బాంబుందని ఎయిర్‌హోస్టెస్ చేతికి చీటీ ఇచ్చిన పెద్దమనిషిని లోకం డి.బి. కూపర్ అని పిలుస్తోంది. 2 లక్షల డాలర్లు, నాలుగు పారాచూట్లు పుచ్చుకుని ఆ రాత్రే బోయింగ్ 727 వెనక మెట్ల మీంచి చీకట్లోకి దూకాడు. ఇంతవరకూ అయిపూ అజా లేదు. పట్టుకెళ్ళిన పారాచూట్లలో ఒకటి క్లాసులో చూపించడానికి కుట్టేసి పెట్టిన ఉత్తుత్తిది. విమానాన్ని హైజాక్ చేసిన సంగతలా ఉంచండి, గేర్ చూసుకోకుండా దూకడం స్కైడైవింగ్ శిక్షాస్మృతిలో అంతకంటే పెద్ద నేరం. మరుసటి ఏడాది ఆయన్ని చూసి ఇంకొందరు అదే దారి పట్టారు. 1968 నుంచి 1972 దాకా అమెరికాలో వందకు పైగా హైజాకింగులు, హైజాకింగ్ ప్రయత్నాలు జరిగాక, 1973 జనవరిలో ప్రతి ప్రయాణికుణ్ణీ, ప్రతి చేతిసంచీనీ వెతకడం మొదలైంది. హైజాకింగులు ఒక్కసారిగా పడిపోయాయి. మేష్టారికి ఇది ఇబ్బందికరమైన సాక్ష్యమే. సోదా పనిచేసింది. ఎందుకు పనిచేసిందో కూడా కనబడుతూనే ఉంది: అప్పటి హైజాకర్ల చేతుల్లో ఎక్కువగా ఉండేది తుపాకీ, తెచ్చిపెట్టిన యంత్రం పట్టేది ఇనుము. జబ్బుకు తగ్గ మందు పడింది. ఆ మందు ఇప్పటికీ పనికొస్తోంది. 2023లో అమెరికా ఎయిర్‌పోర్టుల చెక్‌పాయింట్ల దగ్గర 6,737 తుపాకులు దొరికాయి, నూటికి 93 తూటాలు నింపినవే.

చిక్కంతా ఆ తర్వాత చేర్చిన తంతుతో వచ్చింది. 2001 డిసెంబరులో రిచర్డ్ రీడ్ అనేవాడు పారిస్ నుంచి మయామీ వెళ్ళే విమానంలో తన బూటుకు నిప్పు పెట్టబోయాడు. 2006 ఆగస్టులో సీసాల్లో ద్రవాలతో విమానాలు పేల్చాలన్న కుట్ర బ్రిటన్‌లో బయటపడింది. దాంతో అమెరికాలో అందరూ బూట్లు విప్పాల్సిందేనన్నారు. ద్రవాలను మొదట మొత్తం వద్దని, తర్వాత 100 మిల్లీలీటర్ల సీసాలకు దయతలిచారు. 2009 క్రిస్మస్ నాడు ఇంకొకడు లోదుస్తుల్లో పేలుడు పదార్థం కుట్టుకుని డెట్రాయిట్ దాకా వచ్చాడు. 2010 చివరికల్లా ఒళ్ళంతా చూసే స్కానర్లు, వాటిని వద్దన్నవాళ్ళను తొడల మొదళ్ళ దాకా తడిమే చేతులు దిగాయి. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయంటారు మనవాళ్ళు. బూట్ల విషయంలో అవి దాదాపు ఐదేళ్ళకు మొరగడం మొదలుపెట్టి 2025 జులై దాకా ఆపలేదు. లోదుస్తుల తర్వాత ఎవడూ పళ్ళసెట్టులో మందు కూరుకుని రాకపోవడం మన పెద్దవాళ్ళు చేసుకున్న పుణ్యం. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవాడు దొంగని మనకో లెక్క ఉంది. ఇక్కడ భుజాలు తడిమే పని కూడా ప్రభుత్వమే తీసుకుంది కాబట్టి దొంగెవరో తేల్చే ఆ పాత సౌకర్యం కూడా పోయింది.

ఈ విషయంలో మనం వెనకబడ్డామని ఎవరూ బెంగపడక్కర్లేదు. మన దేశంలో విమానంలోకి చేతిసంచీలో కొబ్బరికాయ నిషిద్ధం. 2024 అక్టోబరులో కేంద్ర విమానయాన మంత్రి, మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు, శబరిమల వెళ్ళే స్వాముల ఇరుముడిలో ఉన్న కొబ్బరికాయను 2025 జనవరి 20 దాకా అనుమతించారు. భక్తులకు ఊరట, మంచి పనే. మరి జనవరి 21 పొద్దున్నే ఆ కాయలోకి ఏ ప్రమాదం వచ్చి చేరినట్టు?

ఇప్పుడు మేష్టారి సంచీ చూడండి. రెండు పారాచూట్లు మడిచిపెట్టి వీపుకు తగిలించుకునేది అది. అందులో ఆటోమేటిక్ యాక్టివేషన్ డివైజ్ అని చిన్న డబ్బా ఉంటుంది. 1991లో జర్మనీలో వచ్చిన సైప్రెస్ వీటిల్లో పేరున్నది. దూకినవాడు స్పృహ తప్పినా, ఎత్తు మరిచిపోయినా, నేలకు సుమారు 750 అడుగుల దగ్గర ఇంకా రాయిలా పడుతున్నాడని డబ్బా కనిపెడితే, చిన్న కట్టర్‌లోని చిటికెడు మందు పేలి రిజర్వ్ పారాచూట్‌ను బిగించిన తాడును తెంపుతుంది. అంటే మేష్టారు విమానంలోకి మోసుకెళ్ళేది సాక్షాత్తూ పేలుడు మందు, దానికో వైరు, ఆ వైరుకో ఎలక్ట్రానిక్ డబ్బా. అయినా అమెరికా నిబంధనల ప్రకారం అది అనుమతి ఉన్న వస్తువే. విడిగా సర్దుకో, మామూలుకంటే అరగంట ముందు రా, తెరవాల్సి వస్తే పక్కనే ఉండు అంటారు. విషయం తెలిసినవాళ్ళెవరో రాసిన నిబంధన ఇది. ఎందుకంటే రిజర్వ్‌ను లైసెన్సున్న రిగ్గర్ మడిచి, ఎర్రదారం కట్టి, సీసపు ముద్ర వేస్తాడు. వాడినా వాడకపోయినా 180 రోజులకోసారి మళ్ళీ మడిపించుకోవాలి. కుతూహలం కొద్దీ ఎవరైనా ఆ పిడి లాగితే లోపలి స్ప్రింగు ఎగిరి బల్లమీదికి దూకుతుంది, ఇక రిగ్గర్ చెయ్యి పడేదాకా ఆ సంచీ పనికిరాదు. కాబట్టి పేలుడు మందును గౌరవంగా పంపిస్తారు. అదే బల్లమీద మేష్టారి 150 మిల్లీలీటర్ల షాంపూ సీసా మాత్రం చెత్తబుట్టలో పడుతుంది. అమెరికాలో కొడుకింటి నుంచి కూతురింటికి చేతిసంచీలో ఆవకాయ పట్టుకెళ్ళబోయిన తల్లులకు ఈ న్యాయం కొత్త కాదు. ఊట ఉన్న పాపానికి అదీ ద్రవమే.

ఇంత చదివి, తడమడమంటేనే మేష్టారికి కంపరమని అనుకునేరు. ఆయన బతుకంతా తడమడమే. వింగ్‌సూట్ అంటే చేతులకూ ఒంటికీ మధ్య, రెండు కాళ్ళ మధ్య గుడ్డ రెక్కలుండే దుస్తు. హార్నెస్ మీద దాన్ని వేసుకుంటే తొడల చుట్టూ బిగించాల్సిన పట్టీలు లోపల దాక్కుంటాయి. అవి బిగించుకోవడం మరిచి సూట్ జిప్పు లాగేసుకుంటే బయటికి ఏమీ తెలియదు, అద్దంలో చూసుకున్నా అంతా సవ్యంగానే ఉంటుంది. పారాచూట్ తెరుచుకున్న క్షణాన అది పైకి లాగితే మనిషి హార్నెస్‌లోంచి కిందికి జారిపోవచ్చు. అందుకే విమానం ఎక్కబోయే ముందు తొడమీద చెయ్యి వేసి, గుడ్డ కింద పట్టీ గట్టిగా తగులుతోందో లేదో చూస్తారు. తెలుగు సినిమాలో తొడ కొట్టడానికి ఎంత ప్రాధాన్యం ఉందో ఇక్కడ తొడ తడమడానికి అంత ఉంది. తర్వాత ఛాతీ పట్టీ, పారాచూట్ పిడి, వీపు మీది పిన్ను. ఎయిర్‌పోర్టులో తడిమేదీ ఆ తొడనే. తడిమించుకునేవాడు ఒక చోట గోడకేసి చూస్తూ పళ్ళు బిగిస్తాడు, ఇంకో చోట ఇంకోసారి చూడు గురూ అని తనే అడుగుతాడు. రెండో చెయ్యి ఒక్కొక్క చావును పేరు పెట్టి వెతుకుతోంది మరి.

ఆ చావుల జాబితా చిన్నదేమీ కాదు. రెక్కలు కుట్టుకుని ప్రదర్శనలిచ్చిన క్లెమ్ సోన్ 1937లో పారిస్ దగ్గర జనం కళ్ళెదుటే పడిపోయాడు. లియో వాలెంతాన్ 1956లో లివర్‌పూల్‌లో పోయాడు. ఈ కాలపు వింగ్‌సూట్‌కు రూపమిచ్చిన పాట్రిక్ ద గయార్దాన్ 1998లో హవాయీలో, తన పారాచూట్ సంచీకి తానే చేసుకున్న మార్పు వల్ల చచ్చిపోయాడు. మరుసటి ఏడాది యారీ కుఓస్మా, రాబర్ట్ పెచ్నిక్ కలిసి బర్డ్‌మన్ సంస్థ పెట్టి సూట్లు అమ్మడం మొదలుపెట్టారు, నేర్పే పద్ధతీ మెల్లగా కుదురుకుంది. మొదటి పాఠంలో ఎగరడం ఉండదు. తలుపు దాటాక రెక్కలు ముడుచుకునే ఉండాలి, ఆత్రపడి విప్పితే గాలి పైకెత్తి విమానం తోకకు కొడుతుంది. వెళ్ళే దారి ముందే గీసుకోవాలి. 2018లో ఫ్రాన్స్‌లో ఒక వింగ్‌సూటర్‌ను తను దూకిన విమానమే కిందికి దిగుతూ ఢీకొట్టింది. పారాచూట్ తెరిచేటప్పుడు రెక్కలు రెండూ సమానంగా ముడవాలి, ఒకటి విప్పి ఉంటే గిరికీలు మొదలవుతాయి. మామూలుగా దూకేవాడు గంటకు 190 కిలోమీటర్ల వేగంతో పడతాడు, వింగ్‌సూట్‌తో అది వంద లోపుకు దిగుతుంది. ఆ నెమ్మది చూసి బోలెడు వ్యవధి ఉందని భ్రమపడ్డవాడికి ఎత్తు ఎప్పుడు కరిగిపోయిందో తెలియదు. రెండు వందల జంపులంటే ఈ పాఠాలు చెవికెక్కడానికి కావలసిన కనీస అనుభవం. యునైటెడ్ స్టేట్స్ పారాచూట్ అసోసియేషన్ ఆ నిబంధన పెట్టింది, ప్రమాదాల వివరాలు తన పత్రికలో అచ్చువేస్తుంది, ఏడాది చివర లెక్క చెబుతుంది. 1970లలో ఏటా సగటున 42 మంది పోయేవారు. 2023లో సుమారు 36 లక్షల 50 వేల జంపులకు పోయినవాళ్ళు 10 మంది.

స్కైడైవర్ తన ప్రాణంతో ఆడుకుంటాడు, విమానంలో బాంబు పెట్టేవాడు రెండొందల మంది ప్రాణాలతో ఆడుకుంటాడు, ఈ పోలికేమిటని అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. అయితే జంప్ విమానంలో కూడా ఎవడి ప్రాణం వాడిదొక్కడిదే కాదు. తెరిచిన తలుపు దగ్గర ఒకడి పిన్ను ఊడి పారాచూట్ బయటికి పోతే అది వాణ్ణి లాక్కుపోతుంది, తోకకు చుట్టుకుంటే విమానమే కూలొచ్చు. పక్కవాడి వీపు మీది పిన్ను చూడటం అందుకే మర్యాద అయింది. ఇక ప్రయాణికుల విమానంలో రీడ్‌ను పట్టుకుని కట్టేసింది ఎవరు? తోటి ప్రయాణికులు, సిబ్బంది. లోదుస్తుల బాంబువాడి మీద పడిందీ వాళ్ళే. ద్రవాల కుట్రను పసిగట్టింది బ్రిటిష్ నిఘావాళ్ళు, బల్ల దగ్గర ట్రేలు తోసేవాళ్ళు కారు. అసలు ఇన్నేళ్ళుగా పెద్ద దాడి జరగలేదంటే సోదా పనిచేస్తున్నట్టే కదా అన్నది ఇంకో వాదన. 2015లో ఆ వాదనకు పెద్ద దెబ్బే తగిలింది. అమెరికా ఆంతరంగిక భద్రతా శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ మనుషులు ఉత్తుత్తి బాంబులు, ఆయుధాలతో చెక్‌పాయింట్ల మీదికి వెళ్ళి చూస్తే 70 పరీక్షల్లో 67 సార్లు దాటిపోయారు. ఈ సోదాలు నడిపే సంస్థ తాత్కాలిక అధిపతిని వేరే కుర్చీకి మార్చారు. బూట్లు విప్పడం మాత్రం ఇంకో పదేళ్ళు నడిచింది.

రోజుకు 20 లక్షలకు పైగా వచ్చే జనాన్ని మేష్టారిలా ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి నేర్పడం కుదరదన్నదాంట్లో మాత్రం నిజం ఉంది. ఇక్కడ మేష్టారి ఉపమానం చతికిలబడుతుంది. ఆయన విద్యార్థి బతకాలనుకునే వస్తాడు, చెక్‌పాయింట్‌కు వచ్చేవాళ్ళలో లక్షల్లో ఒకడు చంపాలని రావొచ్చు. వాడికి పాఠం చెప్పి ప్రయోజనం లేదు. కానీ నేర్చుకోవాల్సింది ప్రయాణికుడని ఎవరన్నారు? తడిమేవాడు నేర్చుకోవచ్చు. ఏ నిబంధన వల్ల ఏం దొరికిందో ఏటా అచ్చువేయొచ్చు, ఏమీ దొరకని నిబంధనను ఎత్తేయొచ్చు. తుపాకుల లెక్క చెప్పినంత ఉత్సాహంగా షాంపూల లెక్క చెప్పరెందుకు?

మేష్టారి ఇల్లేమీ అద్దంలా మెరవడం లేదు. రెండు వందలన్నది దూకిన లెక్కే, నేర్చిన లెక్క కాదు. లాగ్‌బుక్కులో పెన్నుతో దూకేసే వీరులు ఆ లోకంలోనూ ఉన్నారు, ఫలానావాడు మనవాడేలే అని సంతకం పెట్టే మేష్టార్లూ ఉన్నారు. అయినా ఆ నిబంధన డబ్బుకు లొంగదు. ఎయిర్‌పోర్టులో ప్రీచెక్ అని ఒక పథకం ఉంది. వేలిముద్రలిచ్చి, పాత కేసులేమీ లేవని తేల్చుకుని, సుమారు 80 డాలర్లు కడితే ఐదేళ్ళపాటు బూట్లూ బెల్టూ ఒంటిమీదే ఉంచుకుని వెళ్ళొచ్చన్నారు. బూటులో ప్రమాదం ఉందనుకుంటే 80 డాలర్లకు అది పోకూడదు, పోతుందనుకుంటే మిగతా జనం చేత దాదాపు పంతొమ్మిదేళ్ళు విప్పించక్కర్లేదు. స్కైడైవర్లు దూకే డ్రాప్‌జోన్‌లో కూడా, నాకు నూటయాభై జంపులు ఉన్నాయి, ఫీజు రెట్టింపు ఇస్తాను, సూట్ వేయించండి అనే కుర్రాడు తగలకపోడు. దానికి మేష్టారు చెప్పగల జవాబు ఒకటే: పొద్దున్న ఎనిమిదింటికి మొదటి విమానం, నీకు ఇంకో యాభై ఉన్నాయి.