120/80-18: ఒక బటన్ టైరు ఆత్మకథ

టైరు తన ఆత్మకథను పక్కగోడ మీదే రాసుకుంటుంది. అచ్చుపోసిన ఆ అక్షరాలను వరుసగా చదివితే ఈ మోటారుసైకిలు వెనక టైరు వెడల్పు 120 మిల్లీమీటర్లనీ, పక్కగోడ ఎత్తు అందులో 80 శాతమనీ, అది కూర్చునే రిమ్ము వ్యాసం 18 అంగుళాలనీ, చివరి నాలుగంకెలు 2319 కాబట్టి 2019వ సంవత్సరం 23వ వారంలో అచ్చులోంచి బయటపడిందనీ తెలుస్తుంది. ఉత్తమ పురుషలో చెప్పుకునే అలవాటు టైర్లకు లేదు గనుక తక్కిన కథా ప్రథమ పురుషలోనే సాగుతుంది.

మెకానిక్కులు బటన్లని పిలిచే రబ్బరు గుబ్బలే ఈ టైరుకు ప్రాణం. వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండల్లో బండి ఎర్రమొరం బాట ఎక్కుతున్నప్పుడు పట్టునిచ్చేది గుబ్బ ఎత్తొక్కటే కాదు, నేలను ముందుగా తాకే దాని పదునైన అంచు కూడా. ఇంజను బలమంతా ఆ అంచు మీదే పడటంతో మొదట అదే గుండ్రబడుతుంది, రెండో అంచు దాదాపు కొత్తగానే మిగిలిపోతుంది. పట్టు తప్పగానే టైరును పారేసేవారు సగం ఆస్తిని వాడకుండానే వదులుకుంటున్నారు.

ఈ టైరుకు మొదటి పునర్జన్మ ఖర్చు లేకుండానే దొరికింది. గాలి తీసి, 15 పాయింట్ల తక్కువ గాలిలో కూడా టైరు రిమ్ము మీద జారకుండా లోపలినుంచి అదిమిపట్టే రిమ్ లాక్‌ను వదులు చేసి, ఉక్కుతీగలు పొదిగిన లోపలి అంచుకు, అంటే బీడుకు, సబ్బునీళ్లు పూసి, లీవర్లతో ఊడదీసి, తిరగేసి ఎక్కించారు. అలా తిరగేసినప్పుడు పక్కగోడ మీది బాణం వెనక్కి చూస్తుంది, నీటిని పక్కలకు తోసే గాళ్ల వాలు కూడా తారుమారవుతుంది. కనుక తడిసిన తారురోడ్డు మీద వేగంగా తిరిగే బండికి ఈ ఉపాయం పనికిరాదు.

రెండో పునర్జన్మకు వేడి కత్తి కావలసివచ్చింది. సోల్డరింగ్ గన్ లాంటి పిడికి బిగించిన పలుచని బ్లేడు కాగిన తర్వాత, గుండ్రబడిన గుబ్బల ముఖాలను ఒక్కొక్కటిగా నిలువుగా చెక్కుతుంటే, రబ్బరు నల్లని రిబ్బనులా చుట్టుకుని రాలింది, కాలిన వాసన షాపంతా కమ్మింది. ఈ చెక్కుడులో గుబ్బ ఎత్తు కాక మందం తగ్గుతుంది; మరీ సన్నబడితే రాయి తగిలినచోట గుబ్బ మొదలంటా ఊడిపోతుంది, కత్తి గుబ్బల మధ్యనున్న అడుగును దాటి దిగితే లోపలి నైలాన్ దారాలు తెగి టైరు ఉబ్బుతుంది.

పోయిన రబ్బరును తెచ్చే మందు మాత్రం లేదు. గంధకం కలిపి వేడిచేసి రబ్బరును గట్టిపరిచే, 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టిన వల్కనీకరణలో, గంధకం రబ్బరు అణువుల గొలుసుల మధ్య వంతెనలు కడుతుంది. అవి కట్టాక రబ్బరును మళ్లీ కరిగించి పోయడం కుదరదు. ఆపై ఏళ్ల తరబడి ఎండా, ఆక్సిజనూ దాన్ని మరింత బిగించి పెళుసు చేస్తాయి. డీజిలు పూస్తే మెత్తబడుతుందన్నది రోడ్డుపక్క వైద్యం: రబ్బరు ఉబ్బి బలహీనపడుతుందే తప్ప బాగుపడదు, నిగనిగ మాత్రం రెండు రోజులుంటుంది.

పక్కగోడ బీటలు దారాల దాకా దిగడంతో మూడో పునర్జన్మ ప్రసక్తి రాలేదు. ప్రస్తుతం ఈ టైరు పరిగి రోడ్డు పక్కన వేపకొమ్మకు వేలాడుతోంది. 2319 ఉన్నచోట తెల్ల పెయింటుతో పంక్చర్ అని రాసి ఉంది.