గుండె నాళాల్లో మెత్తగా చేరిన పూడికకు బహిరంగ లేఖ

నిన్నేమని పిలవాలో తేలక ఈ ఉత్తరం రెండు రోజులు ఆగింది. డాక్టర్లు నిన్ను ప్లాక్ అంటారు. పళ్ల మీది గారకీ వాళ్లది అదే మాట. చెరువులో ఒండ్రు చేరినట్టు చేరతావు కనుక పూడిక అనే పిలుస్తాను. చివర 'గారు' తగిలించను, ఏమీ అనుకోకు. అనుకున్నా నాకేం ఫరవాలేదు.

మీలో ముదిరి, సున్నం పట్టి, రాయిలా గట్టిపడ్డవాళ్లున్నారు. వాళ్లతో నాకంత పేచీ లేదు. సీటీ స్కాన్‌లో తెల్లగా మెరిసి తమంతట తామే పట్టుబడతారు. ఆ తెలుపుకి మార్కులు వేసే లెక్కను 1990లో ఆర్థర్ అగాట్‌స్టన్ అనే అమెరికా డాక్టరు, ఆయన సహచరులూ కట్టారు. ఇప్పుడు మన డయాగ్నస్టిక్ సెంటర్లలో కాల్షియం స్కోర్ అని తీసేది అదే. నా గొడవంతా నీతోనే. నీకింకా సున్నం పట్టలేదు. కొవ్వూ, వాపు కణాలూ కలిసిన ముద్దవి. స్కోరు సున్నా వచ్చిందని మనిషి రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుని హాయిగా ఇంటికి పోతుంటే, నువ్వూ అతనితోపాటే పోతావు. చాప కింద నీరంటాం గానీ, నువ్వు చాప కింద వెన్నవి.

నువ్వు ఎవరిలో దూరావో చూస్తే మరీ ఒళ్లు మండుతుంది. 1996 ప్రాంతంలో మూడు మందులు కలిపి ఇవ్వడం మొదలయ్యాక హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు చావు గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చారు. మన దేశంలో 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఆ మందులు ఉచితంగా ఇస్తోంది. హైదరాబాద్ కంపెనీల మాత్రలు ఆఫ్రికా దాకా వెళ్లాయి. పరీక్షలో వైరస్ కనపడనంత అణిగి, పిల్లల పెళ్లిళ్లు చేసే వయసొచ్చాక, అప్పుడు నువ్వు తగులుకున్నావు. ఛాతీలో మంటంటే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నవాడు తెల్లారి లేవడు. ఊళ్లో 'స్ట్రోకొచ్చి పోయాడు' అంటారు. స్ట్రోక్ మెదడుకొచ్చేదని డాక్టర్లు ఎంత మొత్తుకున్నా మనకా మాట పోదు.

తప్పంతా మందులదేనని నీ తరఫున వాదించినవాళ్లూ ఉన్నారు. కొన్ని పాత మందులు కొలెస్టరాల్ పెంచిన మాట నిజమే. మరి మందులు ఆపి చూస్తే? స్మార్ట్ అనే పరిశోధనలో 5,472 మందిని తీసుకుని, సుమారు సగం మందికి రోగనిరోధక శక్తిని చూపే సీడీ ఫోర్ కౌంటు బాగున్నంత కాలం మందులు మాన్పించారు. మానినవాళ్లలోనే మరణాలూ గుండె జబ్బులూ పెరగడంతో 2006 జనవరిలో ఆ పద్ధతికి స్వస్తి చెప్పాల్సొచ్చింది.

అసలు సంగతి పేగుల్లో ఉంది. వైరస్ తొలి రోజుల్లోనే పేగు గోడలోని కాపలా కణాలను తినేస్తుంది. ఆ కన్నంలోంచి సూక్ష్మజీవుల తునకలు నెత్తుట్లోకి ఊరతాయి. మందులు వైరస్‌ని పడుకోబెట్టినా, ఆ తునకలను చూసి రేగిన తెల్లకణాలు పడుకోవు. కొలెస్టరాల్ మింగి ఉబ్బి, నాళం లోపలి పొర కింద చతికిలబడతాయి. అదే నీ పుట్టుక.

నీ ఆచూకీ తీసినవాళ్లలో ఒకాయన గుండె డాక్టరే కాదు. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో హార్మోన్ల డాక్టరు, పేరు స్టీవెన్ గ్రిన్‌స్పూన్. 1990ల్లో ఎయిడ్స్‌తో చిక్కి శల్యమైనవాళ్ల మీద పనిచేశాడు. తర్వాత వాళ్ల పొట్టల్లో చేరే కొవ్వు వెంట పడ్డాడు. ఆ దారే నీ గుమ్మానికి చేర్చింది. 2012లో ఆయన బృందం రేడియోధార్మిక చక్కెర ఎక్కించి పెట్ స్కాన్ తీసింది. రేగిన కణాలకు ఆకలెక్కువ, చక్కెర ఎక్కడ పోగైతే మంట అక్కడుందన్నమాట. గుండె జబ్బని ఎవరూ అనని హెచ్‌ఐవీ రోగుల బృహద్ధమని, నాళాల జబ్బు ముదిరినవాళ్లదానికి తీసిపోకుండా వెలిగింది. చక్కెర ఆశకి దొరికిపోయావు, పాపం.

ఆ తర్వాతిది హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల మీద జరిగిన రిప్రీవ్ అనే పరిశోధన. భారత్‌తో సహా 12 దేశాల్లో 7,769 మంది. కొలెస్టరాల్ ఎక్కువేం లేదు, మామూలు లెక్క ప్రకారం కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మందు రాసే అవసరం చాలామందికి రాదు. వాళ్లలో సుమారు సగం మందికి రోజుకి 4 మిల్లీగ్రాముల పిటవాస్టాటిన్ అనే స్టాటిన్, మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. హెచ్‌ఐవీ మందులతో గొడవ పడదని పిటవాస్టాటిన్‌ని ఎంచుకున్నారు. స్టాటిన్ల వంశం ఎక్కడ మొదలైందో తెలుసా? జపాన్‌లో అకిరా ఎండో 1970ల్లో ఒక బూజులోంచి మొదటిదాన్ని తీశాడు. మనం బూజు పట్టిందని పారేస్తాం, ఆయన వేలకొద్దీ బూజుల్ని పరీక్షించాడు. 2023లో రిప్రీవ్ ఫలితం వచ్చింది: స్టాటిన్ వేసుకున్నవాళ్లలో గుండెపోటు, స్ట్రోక్ వంటి పెద్ద దెబ్బలు 35 శాతం తగ్గాయి.

అందులో కొందరు అమెరికా వాళ్లకి మొదట్లోనే నరంలోకి డై ఎక్కించి సీటీ యాంజియో తీశారు. కాల్షియం స్కోరుకి చిక్కని నువ్వు దీనికి చిక్కావు. దాదాపు సగం మందిలో పూడిక ఉంది. రెండేళ్ల తర్వాత మళ్లీ తీస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లతో పోలిస్తే స్టాటిన్ వేసుకున్నవాళ్లలో నువ్వు 7 శాతం తగ్గావు. సున్నం పట్టిన నీ అన్నలు కదల్లేదు. తగ్గింది నువ్వే.

ఏడు శాతమేనా అని నవ్వుతావేమో, నవ్వుకో. కానీ హెచ్‌ఐవీ మాత్రల డబ్బాలో ఇంకో చిన్న మాత్రకి చోటుంది.

ఇట్లు,
స్కోరు సున్నా వచ్చిందని ఒకప్పుడు సంబరపడిన ఒకడు