నేను ఒకటో నంబరు కిట్టును

నాది బూడిద రంగు. కడుపులో రెండే మాత్రలు: ఒక గ్రాము అజిత్రోమైసిన్, 400 మిల్లీగ్రాముల సెఫిక్సిమ్. సుఖవ్యాధులకు లక్షణాలను బట్టి మందివ్వడానికి జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఏడు రంగుల్లో కిట్లు తెచ్చింది. తెల్ల కిట్టులో పెన్సిలిన్ సూదిమందు ఉంటుంది, అది పుండ్లకు. మూత్రనాళంలో మంట, చీము ఉంటే నన్ను ఇస్తారు.

సెగవ్యాధి, క్లమీడియా తరచూ కలిసే వస్తాయి. ఏది ఉందో తేల్చే పరీక్ష చిన్న ఊళ్లలో దొరకదు. సిగ్గుతో వచ్చిన మనిషిని మళ్ళీ రమ్మంటే వస్తాడన్న నమ్మకం లేదు. అందుకే రెండింటికీ మందు ఒకేసారి వేసేస్తారు.

తిరువూరు ప్రభుత్వ ఆసుపత్రిలో మందుల బీరువాలో నేను ఉండగా, జగదల్‌పూర్ రోడ్డు మీద లారీ తోలే ఒకాయన వచ్చాడు. మంట అన్నాడు, చీము అన్నాడు, తల దించుకున్నాడు.

“ఇంట్లో ఆవిడకు?” డాక్టరమ్మ అడిగింది.

“ఆమెకేం లేదండీ. బాగానే ఉంది.”

నాకు దిగులంతా ఆ మాటతోనే. క్లమీడియా సోకిన ఆడవాళ్ళలో ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. సూక్ష్మజీవి మాత్రం కణాల లోపల చేరి గర్భసంచి నుంచి అండనాళాలకు పాకుతుంది. అవి మూసుకుపోతే పిల్లలు పుట్టరు, లేదా గర్భం నాళంలోనే నిలిచి ప్రాణం మీదికొస్తుంది. కాన్పులో బిడ్డ కళ్ళకూ, ఊపిరితిత్తులకూ అంటుకుంటుంది. 2020లో ప్రపంచంలో కొత్తగా 12.9 కోట్ల మందికి సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇదే క్రిమిలో ఇంకో రకం కళ్ళకు ట్రకోమా తెస్తుంది. మన దేశంలో అది ఇక ప్రజారోగ్య సమస్య కాదని 2024లో ఆ సంస్థే ప్రకటించింది. కంటిజబ్బు గురించి ఊరూరా మాట్లాడారు, గెలిచారు. ఈ సుఖవ్యాధి గురించి మొగుడూ పెళ్ళాలే మాట్లాడుకోరు. పిల్లలు పుట్టకపోతే నింద ఆమె మీద పడుతుంది. ఇంత అన్యాయం ఉందా?

“బాధ లేనంత మాత్రాన జబ్బు లేనట్టు కాదయ్యా. ఆమెను తీసుకురా. నీ ఒక్కడికే ఇస్తే ఆమె నుంచి నీకు మళ్ళీ వస్తుంది,” అంది డాక్టరమ్మ.

మర్నాడు ఇద్దరూ వచ్చారు. ఆయనకు నన్ను విప్పారు, ఆమెకు నా పక్కదాన్ని. అక్కడే, డాక్టరమ్మ ఎదుటే మింగారు. వారం రోజులు కలవొద్దని చెప్పి, హెచ్‌ఐవీ, సవాయి రక్తపరీక్షలకు ఇద్దరినీ పంపింది.