ఫస్ట్‌టైమ్ అన్న

రామంతాపూర్‌లో ప్రతి గల్లీకీ ఒక ఫస్ట్‌టైమ్ అన్న ఉంటాడు. పేరు ఏదైనా కావచ్చు, వయసు మాత్రం ముప్పై ఐదుకీ నలభై రెండుకీ మధ్య. పొద్దున హబ్సిగూడలో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగుతాడు, రాత్రికి అదే దారిన వెనక్కొస్తాడు. జీతం బాగానే వస్తోంది, జుట్టు బాగానే పోతోంది. హాల్లో పీఎస్ ఫైవ్ ఉంది, నెత్తిన హోమ్ లోన్ ఉంది. ఇన్ని ఉన్నా ముఖంలో ఏదో పారేసుకున్న దిగులు. ఏం పోయిందన్నా అని అడిగారో, ఆ సాయంత్రం మీది కాదు.

"వైస్ సిటీ ఉంది చూడు భాయ్... అదంతా మర్చిపోయి, మళ్ళా ఫస్ట్ టైమ్ ఆడాలె. ఒక్కసారి. గంతే."

ఇదీ ఆయన కోరిక. స్వర్గం వద్దు, ప్రమోషన్ వద్దు, అమెరికా వీసా కూడా వద్దు. 2003లో కంప్యూటర్‌లోకి వచ్చిన ఒక ఆటను ఏమీ తెలియని పోరడిలా మళ్ళీ మొదలుపెట్టాలి.

కొత్తవాళ్ళు పరిచయమైతే అన్న ఊరూ ఉద్యోగమూ అడగడు. తార్నాక చౌరస్తాలో చాయ్ చేతికి రాగానే ఒకటే ప్రశ్న: "బుర్ర కడిగేసి మళ్ళా ఆడమంటే ఏ గేమ్ ఆడతవ్?" మీరు క్యాండీ క్రష్ అన్నారా, చాయ్ పైసలు మీరే కట్టుకోవాలి. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అంటే బిస్కెట్ కూడా వస్తుంది. పొరపాటున ప్రాజెక్ట్ ఐజీఐ అన్నారా, భుజం మీద చెయ్యేసి ఉస్మానియా క్యాంపస్‌లోకి నడిపించుకుపోతాడు. ఆర్ట్స్ కాలేజీ మెట్లు ఎన్నో ఉద్యమాల ఉపన్యాసాలు విన్నాయి గానీ ఇంత పొడుగుది విని ఉండవు.

"మధ్యల సేవ్ లేదు రా దాంట్ల!" అని మొదలుపెడతాడు. నిజమే. 2000లో వచ్చిన ఆ ఆటలో మిషన్ ఆఖరి గేటు ముందు చచ్చినా మళ్ళీ మొదటికి రావాల్సిందే. అలారం మోగిందంటే బ్యారక్‌ల్లోంచి సైనికులు ఊడిపడుతూనే ఉంటారు. "ఇప్పటి పోరగాళ్ళకు అడుగడుగుకు చెక్‌పాయింటే. మాకు ఒక్క పానం, ఒక్క గంట, పదిహేను రూపాయలు." ఇక్కడ గొంతు జీరబోతుంది. మీరు కూడా తల కాస్త వంచి నిలబడాలి.

అన్న లెక్కలో ఆటల చరిత్ర నాలుగు యుగాలు. కృతయుగంలో టీవీ గేమ్. రామంతాపూర్ అంటే దూరదర్శన్ కేంద్రం ఉన్న ఊరు కదా, ఆ పేట పిల్లలు అదే టీవీకి రెండు వైర్లు తగిలించి మారియోను గెంతించారు. క్యాసెట్ మీద 9999 ఇన్ 1 అని ఉండేది. ఉన్నవి పట్టుమని పది ఆటలు, మిగతావన్నీ వాటికే పేర్లు మార్చి మళ్ళీ ఎక్కించినవి. ఆట రాకపోతే క్యాసెట్ తీసి నోటితో ఊదడం, మళ్ళీ గుచ్చడం. డక్ హంట్‌లో బాతు తప్పించుకుంటే పొదలోంచి లేచి నవ్వే కుక్క మీద అన్నకు పగ ఇంకా చల్లారలేదు. కాంట్రాలో ముప్పై లైఫుల కోసం నొక్కే పైన పైన, కింద కింద, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ... నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఏటీఎం పిన్ మాత్రం భార్యను అడుగుతాడు. ఆ కోడ్ పుట్టింది కాంట్రా కోసం కాదు. కొనామీ కంపెనీలో కజుహిసా హషిమోటో అనే ఆయన 1986లో గ్రాడియస్ అనే ఆటను సరిచూస్తూ, తనే నెగ్గలేక, తన కోసం దాచిపెట్టుకున్న దొడ్డిదారి అది. చేసినవాడికే చేతకాలేదన్న మాట విన్న రోజు అన్న రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

త్రేతాయుగంలో ముస్తఫా. రూపాయి బిళ్ళ వేస్తే నడిచే పెట్టె. కాప్‌కామ్ వాళ్ళు 1993లో క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అని పెట్టిన పేరు ఏ గల్లీలోనూ ఎవడూ పలకలేదు. పసుపు టోపీ పెట్టుకుని ఎగిరి తన్నే ముస్తఫా పేరే ఆటకు స్థిరపడింది. ముగ్గురు కలిసి ఆడొచ్చు, ముగ్గురికీ ముస్తఫాయే కావాలి. కాబట్టి తెర మీద తన్నులాట మొదలయ్యేలోగా తెర ముందు ఒక విడత అయిపోయేది.

ద్వాపరం స్కూలు కంప్యూటర్ ల్యాబులో నడిచింది. చెప్పులు బయట విప్పి, సారు అటు తిరగ్గానే డేంజరస్ డేవ్. అది చేసిన జాన్ రొమెరోయే తర్వాత 1993లో డూమ్ చేసిన జట్టులో ఉన్నాడని అన్నకు పెద్దయ్యాక తెలిసింది, అప్పటి నుంచి ఆయన్ను బంధువులాగే తలుచుకుంటాడు. డేవ్ విసుగొస్తే ప్రిన్స్ ఆఫ్ పర్షియా. జోర్డాన్ మెక్నర్ అనే కుర్రాడు తమ్ముణ్ణి పరిగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఆ కదలికలను బొమ్మల్లోకి ఎక్కించి 1989లో విడుదల చేసిన ఆట. రాకుమారిని విడిపించడానికి గడువు 60 నిమిషాలు. మన స్కూల్లో పీరియడ్ నలభై నిమిషాలు. ఆ టైంటేబుల్ నడిచినన్నాళ్ళూ ఆ పిల్లకు విముక్తి లేదు.

ఇక కలియుగం, నెట్ కేఫ్. అన్న దృష్టిలో అసలైన స్వర్ణయుగం ఇదే. ప్లైవుడ్ క్యాబిన్, ఒక కాలు వంగిన ప్లాస్టిక్ కుర్చీ. మౌస్ కదలకపోతే బోర్లించి, మూత తిప్పి, బంతి బయటికి తీసి, లోపలి చక్రాలకు పట్టిన మురికిని గోటితో గీకాలి. కీబోర్డు మీద డబ్ల్యూ, ఏ, ఎస్, డీ అక్షరాలు అరిగి బోసిపోయి ఉండేవి. గోడకు వైస్ సిటీ చీట్ కోడ్ల జిరాక్స్ కాగితం: పాంజర్ అని కొడితే ట్యాంకు దిగుతుంది, ఆస్పిరిన్ అంటే ప్రాణం నిండుతుంది, లీవ్ మీ అలోన్ అంటే వెంటపడ్డ పోలీసులు వదిలేస్తారు. ఆ తరం ఇంగ్లిష్ స్పెల్లింగుల్లో తడుముకోకుండా రాయగలిగినవి ఈ మూడే. కౌంటర్ దగ్గర పొడుగు నోట్‌బుక్కులో పేరు, సిస్టమ్ నంబరు, టైమ్. కుర్చీ వెనక ముగ్గురు నిలబడేవాళ్ళు, జేబులో పైసల్లేనివాళ్ళు. ఆడేది ఒకడు, ఆడించేది వాళ్ళు. "లెఫ్టుకు కొట్టు, లెఫ్టుకు! నీ యవ్వ, లెఫ్టంటే రైటుకు పోతడేందిరా!" రోడ్ రాష్‌లో గొలుసు తిప్పి పక్క బండివాణ్ణి కొడితే వెనకున్న ముగ్గురూ కొట్టినంత సంబరం. ఆ రోడ్ రాష్ చేసిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఆఫీసుంది. ఆ గేటు ముందు నిలబడి కొత్తది ఎప్పుడు తెస్తారని నిలదీస్తానని అన్న మొక్కుకున్నాడు. మొక్కు ఇంకా తీరలేదు.

ఇవన్నీ మళ్ళీ మొదటిసారి కావాలంటే ఉన్నవి మర్చిపోవాలి. దాని కోసం అన్న చేసిన ప్రయత్నాలు తక్కువేం కాదు. రామంతాపూర్‌లో ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల ఉంది కదా, అక్కడ చదివిన దోస్తును పట్టుకుని మతిమరుపు రావడానికి గోలీలడిగాడు. జ్ఞాపకశక్తి కోసం వచ్చేవాళ్ళనే చూసిన ఆ డాక్టరు, ముందు నిద్ర సరిగా పోతున్నావా అని అడిగాడట. ఉప్పల్ రోడ్డు మీద వరసగా బోర్డులు చూసినప్పుడల్లా అన్నకు మండుతుంది. "ఐఐసీటీ ఉంది, సీసీఎంబీ ఉంది, ఎన్‌జీఆర్ఐ ఉంది. ఇంతమంది సైంటిస్టులుండి వైస్ సిటీ మర్చిపోయే గోలీ ఒక్కడు చెయ్యలేడా?"

క్యాంపస్‌లో సైకాలజీ చదివే ఒక పిల్ల దీనికి జవాబు చెప్పింది. అమెరికాలో హెన్రీ మొలైసన్ అని ఒకాయన ఉండేవాడు. మూర్ఛలు తగ్గడానికి 1953లో మెదడుకు ఆపరేషన్ చేస్తే కొత్త జ్ఞాపకాలు నిలవడం ఆగిపోయింది. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించింది. గీసిన సంగతి ఆయనకు గుర్తుండేది కాదు, ప్రతిసారీ అదే మొదటిసారి. చెయ్యి మాత్రం రోజురోజుకూ తిరిగిపోయింది. "అంటే మీరు గేమ్ మర్చిపోయినా మీ వేళ్ళు మర్చిపోవన్నా. పాంజర్ అవే కొట్టేస్తాయి." అన్న కాసేపు ఆలోచించి, "రోజూ ఫస్ట్ టైమే! ఏం నసీబ్ రా ఆయనది" అన్నాడు. పాపం ఆ మనిషి చనిపోయేదాకా వేరేవాళ్ళ మీదే ఆధారపడి బతికాడని ఆ పిల్ల చెప్పాక గాని నోరు మూయలేదు.

ఇంట్లో వదిన పరిస్థితి వేరు. వైస్ సిటీలో టామీ వెర్సెటీ మొదట వేసుకునే చొక్కా ఏ రంగంటే అన్న ఠక్కున చెబుతాడు: లేత నీలం, మీద తాటిచెట్ల బొమ్మలు. "మరి మన పెళ్ళిల నేను కట్టుకున్న చీర?" అని ఆమె అడిగింది. అన్న పైకి చూశాడు. అక్కడ ఫ్యాను తిరుగుతోంది. మర్చిపోయే గోలీ ఈయనకు ఎవరో ఎప్పుడో వేసేశారనీ, మోతాదే తప్పిందనీ వదిన తేల్చేసింది.

అసలు సంగతి ఒకరోజు చాయ్ దగ్గర బయటపడింది. "అన్నా, ఇంతకీ వైస్ సిటీ ఆఖర్ల ఏమైతది?" అని అడిగాను. అన్న గ్లాసు వంక చూశాడు. "ఏమైతది... మాల్దార్ అయితడు. పెద్ద బంగ్లా..." ఆపైన మాట రాలేదు. గుచ్చి గుచ్చి అడిగితే తేలింది. అన్న బొమ్మ హెలికాప్టర్ మిషన్ దగ్గరే ఆగిపోయాడు. సగం కట్టిన బిల్డింగులోకి రిమోట్ హెలికాప్టర్‌ను దూర్చి, నాలుగు బాంబులు నాలుగు చోట్ల పెట్టి రావాలి. టైమర్ తరుముతుంటుంది, కూలీలు కొడుతుంటారు, హెలికాప్టర్ గోడకు తగిలి కూలుతుంది. ఆ మిషన్‌లో ఓడినవాళ్ళంతా కథను అక్కడే వదిలేసి, కార్లు గుంజుకుంటూ, పాంజర్ కొట్టి ట్యాంకు మీద ఊరేగుతూ యవ్వనం గడిపేశారు. అన్న ఆ బ్యాచే.

"మరింకేం అన్నా! సగం కథ సీలు కూడా ఇప్పకుండ నీ కోసం ఎదురుచూస్తుంది. ఇయ్యాల రాత్రే ఫస్ట్ టైమ్ ఆడుకో."

ఇంత శుభవార్త చెబితే మనిషి ఎగిరి గంతెయ్యాలి. అన్న మొహం వాడిపోయింది. "గట్ల కాదు రా" అన్నాడు. 2021 నవంబరులో కొత్త బొమ్మలతో మళ్ళీ విడుదల చేశారు కదా అంటే, అందులో మనుషులు మైనం ముద్దల్లా ఉన్నారట, వాన కళ్ళకు అడ్డమొస్తుందట. 2023 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ ద్వారా ఫోన్లోకే వచ్చింది కదా అంటే, వేళ్ళు లావయ్యాయట. పాతదే ఆడు అంటే టైమ్ లేదట. సేల్ వచ్చినప్పుడల్లా కొని పడేసిన గేములు మాత్రం కంప్యూటర్ నిండా ఉన్నాయి. శనివారం రాత్రి వంద జీబీ డౌన్‌లోడ్ పెడతాడు, ఆదివారం పేరు పడేదాకా చూస్తాడు, ఇది ముస్తఫా కాదు అని మూసేస్తాడు.

ఆట అక్కడే ఉంది, కథ మిగిలే ఉంది, పైసలకు కొదవ లేదు. లేనివి కుర్చీ వెనక ముగ్గురు, ఇంకో అర్ధగంట కోసం బతిమాలుకునే అవసరం. అవి ఏ కంపెనీ రీమాస్టర్ చెయ్యదు.

అయినా అన్నకు ఒకసారి అదృష్టం తలుపు తట్టింది. అక్క కొడుకు ఇంటర్ చదువుతాడు, సెలవులకు వచ్చాడు. వాడి ముందు అన్న అవుటర్ వైల్డ్స్ పెట్టాడు. 2019లో వచ్చిన ఆట. నిజంగా ఒక్కసారే ఆడగలిగిన ఆటలు ఏవైనా ఉన్నాయంటే మొదట చెప్పాల్సింది దీన్నే. ఒక సూర్యుడు, చుట్టూ చిన్న చిన్న గ్రహాలు. 22 నిమిషాలకు సూర్యుడు పేలిపోతాడు, మళ్ళీ మొదటి నుంచి మొదలు. తుపాకులు రావు, పవర్లు పెరగవు. తెలుసుకున్న విషయమే తాళంచెవి. అంతా తెలిసినవాడు ఒక్క విడతలోనే ముగించేయొచ్చు, తెలియనివాడికి వారాలు పడుతుంది. అంటే ఒకసారి తెలిశాక ఆడ్డానికి ఏమీ మిగలదు.

"నేనేం మాట్లాడ. నువ్వే ఆడుకో" అని అన్న ఒట్టు పెట్టుకుని కుర్చీ వెనక నిలబడ్డాడు. పిల్లాడు రాకెట్ ఎక్కి తలకిందులుగా లేచాడు, చెట్టుకు గుద్దాడు, మళ్ళీ లేచాడు. మబ్బులు చీల్చుకుని బయటపడి కింద తన గ్రహం బంతంత అవడం చూసి "అరె!" అన్నాడు. అన్న చూపు తెర మీద లేదు, వాడి ముఖం మీద ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది, భుజాలు ముందుకు వంగాయి. అప్పుడే పోయిన కరెంటు తిరిగొచ్చినంత వెలుగు ఆ ముఖంలో. మూడు నిమిషాలు అలా ఉండగలిగాడు.

నాలుగో నిమిషంలో, "ఆగాగు, గటు పోకు, ముందు గా గ్రహం మీదికి పో, ఎందుకో తెల్సా..." అన్నాడు. తర్వాత ఏం చెప్పాడో ఇక్కడ రాయను, మీరు ఇంకా ఆడి ఉండకపోవచ్చు.

పిల్లాడు కంట్రోలర్ సోఫా మీద పెట్టాడు. "మామా, ఆడేది నువ్వా నేనా? నువ్వే చెప్పేటట్టయితే నేను యూట్యూబ్‌ల చూసుకుంట." ఈ కాలం పిల్లలకు ఓపిక లేదని అన్న నాతో వాపోయాడు. యూట్యూబ్ వాక్‌త్రూలు వాళ్ళ ఫస్ట్ టైమ్‌ను దోచేశాయన్నాడు. నెట్ కేఫ్‌లో కుర్చీ వెనక నిలబడి లెఫ్టు లెఫ్టు అని అరిచిన వాక్‌త్రూ ఎవరో నేను గుర్తు చేయలేదు.

అన్న కోరుకున్నది దొరకనిదేమీ కాదు, ఆ సాయంత్రం మూడు నిమిషాలు దొరికింది కూడా. మన మొదటిసారి మళ్ళీ రాదు. మన కళ్ళ ముందు ఇంకొకడి మొదటిసారి వస్తుంది, చూడనిస్తే కొంచెం మనకూ పంచుతుంది. దాని ఖరీదు పదిహేను రూపాయల కంటే ఎక్కువ: నోరు కట్టుకోవాలి. కాబట్టి మీ ఇంట్లోనూ ఒక ఫస్ట్‌టైమ్ అన్న ఉంటే ఆయన్ను కుర్చీ వెనక నిలబెట్టండి, ఒక చేతిలో చాయ్, రెండో చేతిలో బిస్కెట్ పెట్టండి, నోరు ఖాళీగా ఉంచకండి. మీరే ఆ అన్న అయితే, వెళ్ళి ఆ బొమ్మ హెలికాప్టర్ మిషన్ పూర్తి చేయండి. దాన్ని నెగ్గే ఉపాయం నాకు తెలుసు. చెప్పను.