ఆకుపచ్చ చుక్క

చుక్క పసుపుబారినదా, ఇక ఆ పూట మా యింట ఎవరికిని అన్నము సహింపదు. అయిదు నిమిషములు మీట నొక్కక, మౌసు కదపక యుండినచో, హైదరాబాదులోని మేనేజరుగారి తెరపై మా అల్లుని పేరు ప్రక్కనున్న ఆకుపచ్చ చుక్క పసుపుపచ్చ యగును; అందులకు సంజాయిషీ చెప్పుకొనవలెను. కావున అతడు భోజనమునకు లేచునప్పుడెల్ల, "మామయ్యగారూ, కాస్త మౌసు చూస్తూ ఉండండి" అని నన్నా కుర్చీలో కూర్చుండబెట్టి పోవుచున్నాడు. ప్రభుత్వపు కచేరీలో ఉద్యోగకాలమంతయు ఫైలు కదపకుండ నెగ్గుకొని వచ్చిన నేను, పింఛనుదారుడనైన పిమ్మట, ఏ ఫైలును లేకయే కదలికను సృష్టించు కొలువునకు కుదిరితిని.

నిజమునకు అల్లుడు ఇంటనుండియే కంపెనీపని చేయు ఆ గదిలో నేను అడుగిడుటయే నిబంధనలకు విరుద్ధము. క్లయింటు సమాచారము పరుల కంటబడరాదట. కుటుంబసభ్యులును ఆ పరులలోనివారేనట. నా పంచెలున్న బీరువా ఆ గదిలోనే యుండుటచే, మీటింగు ముగియుదాక కాకినాడ ఉక్కపోతలో తువ్వాలు చుట్టుకొని వసారాలో నిలుచుట నా వంతైనది. కెమెరా కంటికి మా అమ్మాయి తన స్టికరు బొట్టు అంటించినది. ఇక పాస్‌వర్డన్ననో, మూడు నెలలకొకసారి మార్చి తీరవలెను. ఏ కారణమును లేక ఊరక గడువు పెట్టి మార్పింపవలదని అమెరికా ప్రమాణసంస్థ నిస్ట్ 2017లోనే చెప్పినను వీరి చెవికెక్కలేదు. మార్చినది మరువకుండుటకై అల్లుడు దానిని క్యాలెండరుపై పాలలెక్క ప్రక్కన వ్రాసినాడు. నన్ను నమ్మని కంపెనీ రహస్యమును ఈ విధముగ మా పాలవాడు నెలనెల చదువుకొనిపోవుచున్నాడు.

నా గడియారము కథ వేరు. సెకండ్ల ముల్లు తిరుగు గడియారముపై మౌసు నుంచినచో, దాని క్రింది వెలుతురు ఆ ముల్లును పట్టుకొని, తెరపై బాణపుగుర్తును తనంతట తానే వణకించుననియు, ఆ వణకుచే చుక్క పచ్చగా నిలుచుననియు అల్లుడెవరివలననో విని వచ్చినాడు. ఇంటనున్న ముల్లు గడియారము నాదొక్కటే: పెండ్లిలో మా మామగారు పెట్టిన హెచ్చెమ్టీ. మామగారి సొత్తు అల్లునికి చేరుట ధర్మమే గాని, ఈ పనికి చేరునని ఆ మహానుభావుడు ఊహించియుండడు. జపాను సిటిజన్ వారి సాంకేతిక సహాయముతో 1961లో బెంగుళూరున హెచ్చెమ్టీ గడియారముల కర్మాగారము వెలసినది, భారతీయుడు వేళకు పనిలోనికి పోవలెనని గదా! దానిని చూచుకొనుచునే నేను ఆదరాబాదరా కచేరీకి పరుగెత్తి, ఎఱ్ఱసిరా పడకముందే హాజరుపట్టీలో సంతకము గీకెడివాడను. అట్టి గడియారము మౌసు క్రింద వెల్లకిల పడి, లేని మనిషి ఉన్నాడని సాక్ష్యము పలుకసాగినది. ప్రతిదినమును వెనుకబడు గడియారమే గాని, చుక్కకు కావలసినది కాలము గాదు, కదలిక. రోజు తప్పక కీ ఇయ్యవలెను. కంపెనీవారు మా అల్లునికి ఇచ్చుచున్నదియు అదియే గనుక, ఇద్దరికిని చక్కగా జోడు కుదిరినది. నాకు గిట్టనిది ఒక్కటే: విశ్రాంతి పొందిన తరువాత గడియారమునకు కూడ మరల ఉద్యోగము దొరికినది, నాకు దొరికినది దాని బదిలీపని!

ఏలయనగా, కీబోర్డు కదలికలను నటించి పనిచేయుచున్నట్లు భ్రమ గొల్పినందుకు 2024లో అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు డజనుకు పైగా ఉద్యోగులను తొలగించినదను వార్త నేనే చదివి వినిపించితిని. అల్లుడు బెదరి గడియారము తిరిగి యిచ్చివేసి, మౌసు నా చేతికిచ్చినాడు. మనుష్యహస్తముతో కదపినది నటన కాదని అతని సిద్ధాంతము.

పనివారిని కనిపెట్టి చూచు ఈ విద్య పాతదే. 1780లలో రష్యాలో శామ్యూల్ బెంథాం అను ఆంగ్లేయుడు తన క్రింది పనివారిని నడుమనుండి ఒక్కరే చూచునట్లు గుండ్రని కట్టడము నూహింపగా, అతని అన్న జెరిమీ దానినే చెరసాల నమూనాగా 1791లో అచ్చువేయించినాడు. కార్ఖానాకై పుట్టిన యూహ కారాగారమునకు ఇంత చక్కగా అమరుటలో వింత యేమున్నది?

మా కచేరీలో కుర్చీకి గొడుగు తగిలించి కాఫీకి పోయినవారము మేమును గలము. మా హెడ్డు గుమాస్తాకు ఆ గుట్టు తెలియును. తెలిసియు, సాయంకాలమునకు కాగితము తన బల్లపైకి వచ్చినదా లేదా యని మాత్రమే చూచెడివాడు. రెండు దినములు గొడుగు కూడ కనబడకున్నచో, ఒంట్లో ఎట్లున్నదో కనుక్కొని రమ్మని బంట్రోతును ఇంటికి పంపెడివాడు. మొన్న మా అల్లుడు 102 డిగ్రీల జ్వరముతో, దుప్పటి కప్పుకొని, పండ్లు కటకటలాడుచుండగా సాయంకాలముదాక పనిచేసినాడు. చుక్క ఆకుపచ్చగనే యున్నది. ఎవరును ఏమియు అడుగలేదు. అడుగుటకు వారికి కారణమును కనబడలేదు.

ఈ వారపు నివేదికలో, మధ్యాహ్నము ఒంటిగంట మొదలు రెండింటివరకు అతని చురుకుదనము అమోఘమని మేనేజరుగారు మెచ్చుకొన్నారట. అది నా వేళ. అల్లుడా మెప్పును పైకి చదివి, "మామయ్యగారూ, రేపట్నుంచి టిఫిను టైములో కూడా కాస్త కూర్చుంటారా?" అన్నాడు. కూర్చుందును గాని, ముందా కుర్చీలో దిండు వేయించుమంటిని.