కొప్పోలా గారూ, శక్కర్‌నగర్ చూశారా?

ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా ద్రాక్షసారా వ్యాపారంలో వాటా అమ్ముకుని, దాదాపు 12 కోట్ల డాలర్లు సొంతంగా పోసి, 2024లో 'మెగాలోపొలిస్' వదిలాడు. న్యూయార్క్‌కు న్యూ రోమ్ అని పేరుపెట్టి, సీజర్ అనే ఆర్కిటెక్టుకూ సిసిరో అనే మేయరుకూ పంచాయతీ పెట్టి, అమెరికా కూడా రోము దారిలోనే ఉందన్నాడు. వసూళ్లు పెట్టుబడిలో ఎనిమిదో వంతు దగ్గరే ఆగాయి. అంత నష్టానికి సినిమా ఎందుకు, మా నిజామాబాద్ జిల్లా బోధన్‌లో చెరుకు వేసినా సరిపోయేది.

అందులో సీజర్ ఆజ్ఞాపిస్తే కాలం ఆగిపోతుంది. ఇదేం విచిత్రమని కొందరు నవ్వారు. వాళ్లు బోధన్ పక్కన శక్కర్‌నగర్ రాలేదు. 1937లో నిజాం పెట్టిన షుగర్ ఫ్యాక్టరీ. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటుకు పోయింది, 2015 డిసెంబరులో లే-ఆఫ్ నోటీసు అంటించారు. అంతే, గడియారం ఆగింది. వంద రోజుల్లో తిప్పుతామన్నారు ఒకరు. తర్వాత వచ్చినవారు 2024 జనవరిలో కమిటీ వేశారు. సీజర్ ఒంటిచేత్తో చేసిన పనికి మన దగ్గర ఇన్ని సర్కార్లు చెమటోడ్చాయి.

రోముతో మనకు పాత లెక్కలే ఉన్నాయి. ఇండియా సరుకుల కోసం ఏటా 5 కోట్ల సెస్టర్సులు తగలేస్తున్నామని మొదటి శతాబ్దంలోనే రోమన్ రచయిత ప్లినీ నెత్తి కొట్టుకున్నాడు. మన చక్కెర మేలురకమని ఒప్పుకుంటూనే, దాన్ని మందుకే వాడతారని రాశాడు. ఇప్పుడు బోధన్‌లోనూ అంతే. షుగర్ మాట వినిపించేది మందుల షాపులోనే.

సినిమాలో నాకు నచ్చనిది మాత్రం ఒకటుంది. ఊరి భవిష్యత్తు గురించి నలుగురైదుగురు డబ్బున్నవాళ్లే వాదించుకుంటారు. జనం కంచె అవతల అరుస్తుంటారు. నిజామాబాద్ జనానికి ఆ వేషం నప్పదు. 2019లో ఒక్క లోక్‌సభ సీటుకు 185 మంది నిలబడ్డారు, అందులో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులే! పోలింగ్ బూత్‌కు పన్నెండేసి బ్యాలెట్ యూనిట్లు పేర్చాల్సి వచ్చింది. అంటే మనవాళ్లు డిపాజిట్ కట్టి మరీ అరిచారు. గెలిచినాయన పసుపు బోర్డు తెస్తానని ముందే బాండు పేపరు రాసిచ్చాడు. సిసిరో ఎంత వక్తయినా స్టాంపు పేపరు మీద మాట్లాడిన పాపాన పోలేదు. (బోర్డు వచ్చింది లెండి, 2025 జనవరిలో.)

కాన్స్ చిత్రోత్సవంలో ఈ సినిమా ఆట మధ్యలో ఒక మనిషి లేచివెళ్లి తెర మీది హీరోను ప్రశ్న అడిగితే, హీరో జవాబు చెప్పాడు. విలేకరులు దాన్నో వింతగా రాశారు. వింతే మరి. మన సభల్లో లేచి ఫ్యాక్టరీ ఎప్పుడని అడిగినవాణ్ణి పక్కకు తీసుకుపోతారు, ఉపన్యాసం సాగుతూనే ఉంటుంది.

రెండో భాగం తీస్తే ఇక్కడికే రండి, పెద్దాయనా. సెట్టు ఖర్చు మిగులుతుంది. శిథిలాలకు రంగు కూడా వేయనక్కర్లేదు. షూటింగ్ పర్మిషన్‌కు మాత్రం ముందు ఫైలు కోర్టులో ఉందో కమిటీలో ఉందో కనుక్కోండి. కనుక్కుంటే మాకూ ఓ ఫోన్ కొట్టండి.